రెండు తట్ల మార్నీ

మిల్వాకీ,
మే 19.

థోర్సన్ సార్‌కి,

ఎలా ఉన్నారని అడగను. "ఉన్నాను" అంటారు, అక్కడితో ఉత్తరం అయిపోతుంది.

నన్ను ఉంచుకున్నారు. హెరన్స్ బాస్కెట్‌బాల్ జట్టులో పన్నెండు మంది, నేను పన్నెండోదాన్ని. జట్లు కాలేజీ పిల్లల్ని ఏరుకునే డ్రాఫ్ట్‌లో, మూడో రౌండ్‌లో పేరొచ్చిన అమ్మాయి జట్టులో మిగలడం ఎంత అరుదో మీకు చెప్పక్కర్లేదు. అమ్మ ఈపాటికి ఊరంతా చెప్పేసి ఉంటుంది. మీ దాకా రాలేదంటే మీరు తలుపు తియ్యలేదని అర్థం.

వెర్నా కోచ్ ఉంటే నాకు కార్డు వచ్చేది. కాలేజీలో ఆడిన నాలుగేళ్లూ, ప్రతి ఆట తరవాతా, అరచెయ్యంత కార్డు మీద నా తప్పులు రాసి పంపేవారు. మెచ్చుకోలు ఒక్కటి ఉండేది కాదు. జనవరిలో ఆగిపోయాయి. ఫిబ్రవరిలో ఆవిడ పోయిన రోజు మీ ఇంటి ముందు అన్ని కార్లు చూశాక గానీ అవి ఇక రావని నా బుర్రకెక్కలేదు.

ఇప్పుడు నాకు నిజం చెప్పే మనిషి లేదు. అమ్మకి నేను దేవతని. ఇక్కడ రేడియోలో ఆటల కబుర్లు చెప్పే స్కిప్ డర్కిన్‌కి నేను చీడని. "హెరన్స్ దగ్గర పదకొండు మంది ఆటగత్తెలూ, ఒక టికెట్ల ఏజెంటూ ఉన్నారు" అన్నాడు నిన్న. నా మొహం చూడ్డానికి అయోవా నుంచి మూడు బస్సుల జనం వస్తున్నారు, అందుకే పెట్టుకున్నారట. ఇంకా నయం, బస్సు కూడా నేనే నడుపుతున్నానన్లేదు.

మీరు ముప్పై ఒక్కేళ్లు కోచ్ జట్టుకి స్కోరు పుస్తకం రాశారు. హైస్కూల్లో నేను ఆడిన ప్రతి నిమిషం చూశారు. మా ఆటలు టీవీలో వస్తాయి. చూసి చెప్పండి. జూలై 13 దాటితే ఈ సీజన్‌కి నా చోటు ఖాయం. అప్పటిదాకా ఏ పొద్దునైనా "నీ ప్లేబుక్ పట్టుకుని ఆఫీసుకి రా" అంటారు. అంటే ఆట ఎత్తుల పుస్తకం అప్పగించి మూట సర్దుకోమని. నేను ఈ చోటుకి తగినదాన్నా, కాదా?

మార్నీ నోవాచెక్


బ్రాండ్ క్రీక్, అయోవా,
మే 27.

మార్నీ,

నేను కోచ్‌ని కాదు. జామెట్రీ చెప్పాను, పెన్సిలు పట్టాను. అడిగావు కనక చెబుతున్నాను. తగవు.

మూడు ఆటలు చూశాను. మూడూ కలిపి ఇరవై ఆరు నిమిషాలు ఆడావు. నాలుగు పాయింట్లు. అందులో రెండు, అవతలి పిల్ల కాలు జారితే వచ్చినవి. నీ ఎడమ చెయ్యి భుజానికి ఎందుకు తగిలించారో హైస్కూల్లోనూ నాకు అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. బంతి చేతికి రాగానే పొయ్యి మీంచి దించిన గిన్నె పట్టుకున్నట్టు, ఎవరికి అంటగడదామా అని చూస్తావు. నిన్నొక మూల ఒంటరిగా నిలబెట్టి, ఎవరూ అడ్డం రాకుండా చేసి, వెయ్యమన్నారు. బంతి వెళ్లి బుట్ట వెనక బోర్డు పక్క అంచుకి తగిలింది. అంచు మందం రెండంగుళాలు. గురి చూసి కొట్టినా దానికి తగలదు.

డిఫెన్స్ బాగుంది. నువ్వు కాసే మనిషి నిన్ను దాటి పోలేకపోయింది. అది నీ గొప్ప కాదు. అది వెర్నా నీ కాళ్లలో పెట్టింది.

నీ రేడియో మనిషి మూర్ఖుడు. మూర్ఖుడు చెప్పినంత మాత్రాన లెక్క తప్పయిపోదు.

మీ అమ్మ తలుపు కొట్టింది. నేను తియ్యలేదు. ఆవిడ క్యాసరోల్ గిన్నె నా దగ్గరే ఉంది. ఫిబ్రవరిలో చావింటికని ఊళ్లోవాళ్లు వంటలు చేసి తెచ్చిన గిన్నెలు పద్నాలుగు, అడుగున పేర్లు అంటించి. ఒక్కటీ తిరిగివ్వలేదు.

ఎల్డన్ థోర్సన్


మిల్వాకీ,
జూన్ 3.

థోర్సన్ సార్,

మీ ఉత్తరం డ్రెస్సింగ్ రూములో విప్పాను. అది నా తప్పు. లవోండా నా భుజం మీంచి చదివేసింది. లవోండా రైస్ మా జట్టులో అందరికంటే పెద్దది, ముప్పై నాలుగేళ్లు, ఈ లీగులో పన్నెండేళ్లుగా ఉంది. ఊళ్లు తిరిగేటప్పుడు నేనూ ఆవిడా ఒకే గది.

"ఎవరే ఈయన?" అంది.

"మా జామెట్రీ మాస్టారు."

"మొగుడేమో అనుకున్నా. ఇంత కచ్చితంగా తిట్టేవాడు మొగుడే అవాలి."

కాయితం లాక్కుని అందరికీ చదివి వినిపించింది. బోర్డు అంచు దగ్గర చప్పట్లు కొట్టారు. ఎడమ చెయ్యి దగ్గర రెండోసారి చదవమన్నారు. మీకిక్కడ అభిమానులు తయారయ్యారు సార్.

కానీ ఒకటి రాయలేదు మీరు. అందరూ అనేది అదొక్కటే. ఇక్కడ నా పేరు "రెండు తట్ల మార్నీ". ముందు దారంతా ఖాళీగా ఉన్నా సరే, బంతి రెండుసార్లు నేలకి తట్టి ఆగిపోతాను. ఆగి, పాస్ ఇచ్చేస్తాను.

"ఈ జబ్బు ఎవరు నేర్పారే నీకు?" అని లవోండా అడిగితే చెప్పాను. వెర్నా కోచ్ చిన్నప్పుడు అయోవాలో ఆడపిల్లలు జట్టుకి అయిదుగురు కాదు, ఆరుగురు ఆడేవారనీ, ముగ్గురు కోర్టులో ఈ సగం, ముగ్గురు ఆ సగం, నడిగీత దాటకూడదనీ, రెండు తట్లకి మించి బంతి తట్టకూడదనీ. ఆ ఆట పోయి ఇన్నేళ్లయినా కోచ్ ప్రాక్టీసులో మాచేత రెండే తట్టించేవారనీ, మూడోది తట్టితే స్టేడియం మెట్లన్నీ ఎక్కి దిగాలనీ.

లవోండా నవ్వి నవ్వి బెంచీ మీంచి జారింది. "గీత దాటితే ఏమవుద్దంట, గడ్డాలొస్తాయా?"

"మా కోచ్ గార్డు, కాపలా సగంలో ఉండేవారు. నాలుగేళ్లు ఆడారు, ఒక్కసారి బుట్టకి వెయ్యలేదు. గార్డులు వెయ్యడానికి వీల్లేదు" అన్నాను.

అప్పుడు నవ్వడం ఆపింది. "అయితే స్కోరు పుస్తకంలో ఆవిడ పేరెదురుగా ఏం రాసేవారు?"

"ఫౌళ్లు" అన్నాను.

సరే. ఇంత పొడుగు తిట్టారు, రెండు తట్ల గురించి ఒక్క ముక్క రాయలేదేం? మర్చిపోయే మనిషి కాదు మీరు.

మార్నీ


బ్రాండ్ క్రీక్,
జూన్ 9.

మార్నీ,

నా ఉత్తరాలు పదిమందికి చదివి వినిపించడానికి కాదు. మళ్లీ చదివితే చేతిరాత ఇంకా పాడు చేస్తాను.

ఆదివారం ఆటలో తొమ్మిది నిమిషాలు ఉన్నావు. ఒక ఫౌలు, ఒక రీబౌండ్, పాయింట్లు సున్నా. బుట్టకి తగిలి వెనక్కొచ్చిన ఆ బంతి తనంతట తనే నీ చేతుల్లోకి వచ్చి పడింది. నువ్వు ఆశ్చర్యపోయిన మొహం టీవీలో స్పష్టంగా కనిపించింది. బెంచీ మీద కూచున్నప్పుడు తువ్వాలు బాగా ఊపుతున్నావు. ఆ విషయంలో లీగులో నీకు సాటి లేరు.

రెండు తట్ల గురించి రాయను. ఆట వెర్నా చూసుకునేది, పుస్తకం నేను చూసుకునేవాణ్ణి. మొగుడూ పెళ్లాలమైనా మా మధ్యా ఒక గీత ఉండేది. అది దాటను.

ఈ వారం రెండు గిన్నెలు తిరిగిచ్చాను. మీ అమ్మది కాదు. ఆవిడ కూచోమంటుంది.

ఎల్డన్ థోర్సన్


మిల్వాకీ,
జూన్ 20.

థోర్సన్ సార్,

నిన్న మా హెరన్స్ కోచ్ పెల్టియర్ పిలిచారు. ప్లేబుక్ తెమ్మనలేదు కాబట్టి కాళ్లు నడిచాయి. తెర మీద ఆటల ముక్కలు వేసి చూపించారు. పన్నెండు ఆటలు, పదిహేడు సార్లు. దారి ఖాళీ, తట్టు, తట్టు, ఆగు.

"ఇక్కడ నీకేం కనిపించింది?"

"ఖాళీ."

"మరెందుకాగావు?"

"చూడు మార్నీ" అన్నారు. "నీ కాళ్ల కోసం నిన్ను తీసుకున్నాను. టికెట్ల కోసం అన్నవాణ్ణి వాగనీ. నీలా అడ్డం నిలబడేవాళ్లు ఈ లీగులో నలుగురు లేరు. కానీ నువ్వు రెండు తట్లకి ఆగుతావని ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. నిన్ను కాయాల్సిన మనిషి నిన్నొదిలేసి ఇంకొకరి మీద పడుతోంది. నువ్వు కోర్టులో ఉన్నంతసేపూ మేం నలుగురితో ఆడుతున్నాం. పదమూడో తారీకు లోపల మూడోది తట్టు. లేదా నేనే పిలుస్తాను, అప్పుడు ప్లేబుక్‌తో రా."

డర్కిన్‌గాడు నేను కోర్టులోకి రాగానే రేడియోలో తలుపు కొట్టిన చప్పుడు వేస్తున్నాడు. టక్, టక్. "ఎవరదీ? మార్నీయా? లోపలికి రావమ్మా. అబ్బే, రాదండీ, గుమ్మంలోనే నిలబడుతుంది." నాకూ నవ్వొచ్చింది. అదే ఏడుపు.

లవోండా అంది, "నా కారు తీసుకెళ్లు. అయోవా వెళ్లి ఆవిడ సమాధి దగ్గర పర్మిషన్ తెచ్చుకో. పెట్రోలు కూడా నాదే." "నోర్ముయ్" అన్నాను. ఆవిణ్ణి అలా అనడం అదే మొదలు. ఆవిడ మూసుకుంది కూడా, పాపం.

నేను తట్టను సార్. నన్నొక మనిషిగా నిలబెట్టింది వెర్నా కోచ్. ఆవిడ పోయి నాలుగు నెలలు తిరక్కుండా ఆవిడ నేర్పింది పారేసి చోటు నిలబెట్టుకుంటే, ఆ చోట్లో ఉన్నది ఎవరు? తీసేస్తే తీసెయ్యనీ. ఇంటికొచ్చేస్తాను.

మార్నీ


బ్రాండ్ క్రీక్,
జూన్ 25.

మార్నీ,

చాలా ఉదాత్తంగా ఉంది. ఆ ఉదాత్తత తెచ్చుకుని మీ అమ్మ వంటింట్లో కూచో. ఊరు చప్పట్లు కొడుతుంది. హార్డ్‌వేర్ కొట్లో మేకులు తూచే పని ఇస్తారు. పదేళ్లు పోయాక కొట్టుకొచ్చిన పిల్లలకి మీ అమ్మ చెబుతుంది, ఈవిడ ఒకప్పుడు ఆడేదని.

గీత దాటనన్నాను. దాటుతున్నాను.

వెర్నా చెప్పింది తప్పు.

ఈ వాక్యం రాయడానికి మూడు రోజులు పట్టింది. మధ్యలో తొమ్మిది గిన్నెలు తిరిగిచ్చాను. మీ అమ్మదీ ఇచ్చాను. కూచున్నాను.

నువ్వు తొమ్మిదో తరగతిలో జట్టులో చేరినప్పటి నుంచి, దారి ఖాళీగా ఉండి రెండు తట్లకి ఆగిన ప్రతిసారీ పుస్తకం అంచున ఒక చుక్క పెట్టాను. అందరికీ పెట్టాను, నీ ముందువాళ్లకీ పెట్టాను. నీవి నాలుగేళ్లలో రెండువందల పదకొండు. డిమోయిన్‌లో రాష్ట్ర సెమీఫైనల్ ఒక్క పాయింటుతో పోయింది. ఆ పేజీలో నీవి తొమ్మిది చుక్కలు. ఊరంతా ఆఖర్న ఫ్రీ త్రో పోగొట్టిన ట్రీనాని తిట్టింది. నేను వాళ్లతో పాటు తలూపాను.

వెర్నా ఒకసారి అడిగింది. "ఈ చుక్కలేంటి ఎల్డన్?"

"పెన్సిలు మొన చూసుకుంటున్నాను."

"నీ పెన్సిలుకి ఏదో జబ్బు చేసింది" అని పేజీ తిప్పింది.

చెప్పి ఉంటే కోప్పడేది. రెండు రోజులు మాట్లాడేది కాదు. మూడో రోజు ఆలోచించేది. ఆలోచిస్తే మార్చేది. అంత మనిషి. ఆ అవకాశం నేనివ్వలేదు. మా ఇల్లు ప్రశాంతంగా ఉండేది.

రెండు తట్ల ఆట, ఆవిడ పదిహేనేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఎవరో చుట్టూ కట్టిన కంచె. అందులో గొప్పగా ఆడింది. గొప్పగా ఆడిన చోటు కంచె అని ఎవరికీ అనిపించదు. కాళ్లు ఆవిడ ఇచ్చింది. ఉంచుకో. తట్లు ఆవిడవి కావు. పారెయ్.

మూడోది తట్టు.

ఎల్డన్ థోర్సన్


మిల్వాకీ,
జూన్ 30.

సార్,

రెండువందల పదకొండు.

ఆ సెమీఫైనల్ తరవాత నేను ట్రీనాతో నెల్లాళ్లు మాట్లాడలేదు. బస్సులో దాని పక్క సీటు ఖాళీగా వదిలేశాం, అందరం కలిసి. అది ఆట మానేసింది. అప్పుడు మీ సంచిలో నా తొమ్మిది చుక్కలున్నాయి. మీరు అదే బస్సులో ముందు సీట్లో కూచుని శాండ్‌విచ్ తిన్నారు. నాకు గుర్తుంది.

మీకు కళ్లున్నాయి, పెన్సిలుంది, పక్కనే చెవులున్న మనిషి ఉంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ నోరు కుట్టేసుకుని, ఇప్పుడు తిరిగి ఒక్క మాట అనలేని చోటికి వెళ్లిపోయాక తప్పు ఆవిడదంటారా? ధైర్యం రావడానికి అంత దూరం కావలసొచ్చిందా మీకు? డర్కిన్‌గాడు నయం. వాడు నేను వింటుండగానే వాగుతాడు.

నాకిక రాయకండి.

మార్నీ నోవాచెక్


బ్రాండ్ క్రీక్,
జూలై 3.

మార్నీ,

అన్నీ నిజం.

నిన్న ట్రీనాకి ఫోను చేసి చుక్కల సంగతి చెప్పాను. ఇప్పుడు సీడర్ రాపిడ్స్‌లో పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తోంది. ఎన్ని చుక్కలో రెండుసార్లు అడిగింది. తరవాత, "ఆ పెన్సిలు అప్పుడే మింగేసి ఉండాల్సింది మీరు" అంది. అదీ నిజం.

జవాబు రాయక్కర్లేదు. మూడోది తట్టు.

ఎల్డన్ థోర్సన్


మిల్వాకీ,
జూలై 15.

థోర్సన్ సార్,

మీ మీద కోపం తగ్గలేదు. అడగడానికి ఇంకో మనిషి లేక రాస్తున్నాను.

ఆరో తారీకు ఆటలో తట్టాను. మూడోది నా పాదానికే తగిలింది. బంతి ఎగిరి ముందు వరసలో ఒకాయన ఒళ్లో పడింది, ఆయన బీరు మొత్తం ఆయన మీదే. హాలంతా నవ్వింది. డర్కిన్‌గాడికి పండగ. "తలుపు తెరిచిందండోయ్! తెరిచి మెట్ల మీంచి దొర్లింది!"

మెట్లెక్కి దిగమని ఎవరూ అనలేదు. నా కాళ్లు మాత్రం ఆ మాట కోసమే చూశాయి. ఆట అయ్యాక ఒక్కదాన్నే వెళ్లి ఎక్కి దిగాను. ఊడ్చేవాళ్లు చూసి పిచ్చనుకున్నారు.

తొమ్మిదిన మూడుసార్లు తట్టాను. ఒకసారి బుట్ట కిందిదాకా వెళ్లి, అంత దగ్గర్నుంచీ పోగొట్టాను. ఒకసారి నన్ను తోసేశారు, రెండు ఫ్రీ త్రోల్లో ఒకటి పడింది. మూడోసారి ఇద్దరు నా మీదికి వచ్చారు. నా మీదికి, సార్! నన్ను ఆపడానికి! మూలన లవోండా ఒంటరిగా నిలబడి ఉంది. ఇచ్చాను, వేసింది, మూడు పాయింట్లు, గెలిచాం. నన్నెత్తుకుని తిప్పింది. "గడ్డం వచ్చిందేమో చూడనీ" అని నా చుబుకం పట్టుకుంది.

పదమూడు పొద్దున్న పెల్టియర్ కోచ్ పిలిచారు. నన్ను కాదు. లవోండాని. పొడుగుపిల్ల ఒకత్తె కావాలట, దానికి చోటు కావాలి, తీసేస్తే నన్నో ఆవిణ్ణో తియ్యాలి. ఆవిడ ప్లేబుక్ చంకన పెట్టుకుని వెళ్లి నాలుగు నిమిషాల్లో వచ్చేసింది. పన్నెండేళ్లు, నాలుగు నిమిషాలు.

బూట్లు సంచిలో వేసుకుంటోంది. నేను పక్కన నిలబడ్డాను.

"ఏడవకే. నీ మొహం అసలే అంతంతమాత్రం."

"పెల్టియర్ దగ్గరికి వెళ్తా. నన్ను తీసేసి నిన్నుంచమంటా."

"వెళ్లు. నువ్వూ పోతావు, నేనెలాగూ పోయాను. ఇంకో ఇద్దరు పిల్లలు బాగుపడతారు." జిప్పు లాగింది. "నేనూ ఇలాగే ఒకావిడ చోట్లోకి వచ్చాను. మంచి ఆటగత్తె. మోకాళ్లకి మంచు ఎలా కట్టుకోవాలో ఆవిడే నేర్పింది నాకు. ఆవిడ పేరు..." ఆగింది. "పేరు గుర్తు రావట్లేదు చూడు." వేళ్ల మీద పేర్లు లెక్కపెట్టింది. "నిజంగానే గుర్తులేదే" అంది. అప్పటిదాకా బానే ఉంది మనిషి. అప్పుడు సంచి పక్కనే కూలబడింది.

నేను ఇంకా పెల్టియర్ దగ్గరికి వెళ్లలేదు. వెళ్లాలనే ఉంది. ఆవిడ వేసిన మూడు పాయింట్లతో నేను మిగిలాను. ఒక్క మాట చెప్పండి చాలు. నేను దీనికి తగినదాన్నా, కాదా?

మార్నీ


బ్రాండ్ క్రీక్,
జూలై 20.

మార్నీ,

తగవు.

లవోండా రైస్ తగినది. ఆవిడ పన్నెండేళ్ల లెక్కలు వెతికి చూశాను. మోకాళ్లు తప్ప అన్నిట్లోనూ నీకంటే మెరుగు. మీ వాళ్లు వచ్చే ఏడాది సంగతి చూసుకున్నారు, న్యాయం చూసుకోలేదు. ఆవిడ పేరు కాయితం మీద రాసి పెట్టుకో. జ్ఞాపకాన్ని నమ్ముకోకు.

ఆరో తారీకు ఆట చూశాను. బీరు ఒలికిన మనిషికి నువ్వు వంగి క్షమాపణ చెప్పడమూ చూశాను. నువ్వు వెనక్కి తిరిగేసరికి నీ మనిషి మన బుట్ట కింద ఒంటరిగా నిలబడి ఉంది. మర్యాద ఆట అయ్యాక.

వెళ్లి నీ చోటు వదులుకుంటానంటున్నావు. తగని చోట్లో కూచోవడం సంగతి నాకు కొంచెం తెలుసు.

ధైర్యం రావడానికి అంత దూరం కావలసొచ్చిందా అని అడిగావు. అవును. వెర్నాతో నలభై నాలుగేళ్లు ఉన్నాను. ఆట సాగుతున్నంతసేపూ మా మోచేతులు ఒకదానికొకటి తగులుతుండేవి. ఆవిడ పక్కన నిజం చెప్పే మనిషి ఉండవలసింది. నేనున్నాను. నేను తగనని ఆ రోజుల్లోనే తెలుసు. మంచివాడెవడికైనా ఆ చోటు ఇచ్చేద్దామని నాకు ఒక్క రోజు కూడా అనిపించలేదు. ప్రతి ఆటకీ అరగంట ముందే వెళ్లి కూచునేవాణ్ణి.

నువ్వూ లేవకు.

ఎల్డన్